రాత కాదు

జన్యువుల గురించి మనవాళ్ళు రాసే వ్యాసాల్లో డీఎన్‌ఏ ఎప్పుడూ ఒక పుస్తకమే. ఎపిజెనెటిక్స్ వచ్చాక ఆ పుస్తకం మార్జిన్‌లో పెన్సిల్ గీతలు చేరాయి. డీఎన్‌ఏ మీదా, అది చుట్టుకునే హిస్టోన్ల మీదా పడే మిథైల్ లాంటి ముద్రలు ఏ పేజీ తెరవాలో, ఏది మడిచిపెట్టాలో చెప్తాయట. పోలిక అందంగానే ఉంది. నా పేచీ దానితోనే.

బొబ్బిలిలో మా అక్క కడుపుతో ఉన్నప్పుడు అలాంటి వ్యాసమే చదివి ఫోన్ చేసింది. “నా దిగులంతా బిడ్డకి రాసెస్తన్నానేట్రా?” నా దగ్గర జవాబు లేదు.

2016లో సిద్ధార్థ ముఖర్జీ న్యూయార్కర్‌లో రాసిన ‘సేమ్ బట్ డిఫరెంట్’ మీద శాస్త్రజ్ఞులు విరుచుకుపడ్డారు. ముద్రలకి పెద్దపీట వేసి, జన్యువుల్ని నడిపించే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లని పక్కన పెట్టేశాడని. అంత మంచి వచనం రాసేవాడే పోలిక వెంటపడి దారి తప్పితే మన సంగతేంటి?

పుస్తకం పోలికలో ఆర్‌ఎన్‌ఏ ఉత్త జిరాక్స్ కాపీ. కానీ ఆ కాపీ మీదా మిథైల్ ముద్రలుంటాయని 1970ల నుంచే తెలుసు. వాటిని చెరిపే ఎంజైమ్ 2011లో బయటపడ్డాక మళ్ళీ అందరి చూపూ అటు తిరిగింది. కాపీ ఎంతసేపు ఉంటుంది, దాన్నుంచి ఎంత ప్రొటీన్ తయారవుతుంది అన్నవాటి మీద వాటి ప్రభావం ఉంది. అసలు మలుపు తర్వాత వచ్చింది. హిస్టోన్ మీది ఒక ముద్ర, ఆర్‌ఎన్‌ఏకి ముద్ర వేసే ఎంజైమ్‌ని అక్కడికి రప్పిస్తుందని 2019లో తేలింది. 2020లో తిరుగుదారి కూడా దొరికింది: ఆర్‌ఎన్‌ఏ ముద్రని చదివే ప్రొటీన్, హిస్టోన్ మీది అణచివేత ముద్రని చెరిపే ఎంజైమ్‌ని పిలుచుకొస్తుంది. అంటే జిరాక్స్ కాపీ వెనక్కెళ్ళి ఒరిజినల్ మార్జిన్‌ని దిద్దుతోంది! ఏ పుస్తకమూ ఆ పని చెయ్యదు. ఆఫీసులో నా కోడ్ అలా చేస్తే బగ్ అంటారు.

పోనీ వీణ అందామా? బొబ్బిలివాణ్ణి, నాకూ చెయ్యి దురద పెట్టింది. ఒకే పనస దుంగ, మైనం మీద 24 మెట్లు, వాటి మీద ఎన్ని రాగాలైనా. కానీ వీణకి వాయించే మనిషి కావాలి. కణంలో ఆ మనిషి లేడు.

పోలికలు తప్పితే నష్టమేంటంటారా? తెలుగులో ‘రాత’ అనగానే తలరాతే. రాసిన చెయ్యి తల్లిదైతే, తప్పూ ఆమెదే. తల్లి పరిస్థితి ప్రభావం అసలు ఉండదని నేననను. 1944–45 డచ్ కరువులో కడుపున పడ్డవాళ్ళలో ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఒక జన్యువు మీద మిథైల్ తేడా కనిపించింది. కానీ అది కరువు, ఒక సాయంత్రం దిగులు కాదు.

అక్క వేసుకునే ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో ల్యాబ్‌లో తయారుచేసింది లెడర్లీలో మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమే. ఒంట్లో మిథైల్ సరఫరాకి ఫోలేట్ కావాలి. డీఎన్‌ఏ, హిస్టోన్, ఆర్‌ఎన్‌ఏ ముద్రలన్నిటికీ అదే సరుకు.

ఇదంతా చదివాక అక్కకి ఫోన్ చేసి చెప్పింది రెండు ముక్కలే: “నువ్వేం రాసెయ్యట్లేదక్కా. వేసే చెయ్యుంది, చెరిపే చెయ్యీ ఉంది. మాత్ర మాత్రం మర్చిపోకు.”