బంపరు ఎవరిని కాపాడవలెను?

మోటారుకారునకు ముందువెనుకల అమర్చు బంపరు చూచుటకు చిన్న భాగమే. కాని ఒక రక్షణ నిబంధన ఎవరిని తలచుకొని వ్రాయబడినదో దానిని చూచి చెప్పవచ్చును. 1970 తరువాతి పదేండ్లలో అమెరికా నిబంధనలు పేరుపొందిన స్పోర్ట్సు కార్ల బంపర్లను పూర్తిగా మార్చివేసినవి. ఆ మార్పులోని మంచిచెడ్డలను పరిశీలించినచో, నేడు హైదరాబాదులో మధురానగర్, జూబిలీ హిల్స్ వీధులలో కొన్ని కార్ల ముందు కనబడు ఉక్కు కడ్డీల సంగతి కూడ తేటపడును.

ముందుగా బంపరు చేయు పని యేమో తెలియవలెను. 1,000 కిలోగ్రాముల కారు గంటకు 8 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని గతిజశక్తి సుమారు 2,500 జౌళ్లు. కారు గోడకు తాకి ఆగునప్పుడు ఈ శక్తి యంతయు ఎక్కడనో ఖర్చు కావలెను. కారు ఒక సెంటీమీటరు దూరములోనే ఆగినచో సగటు బలము 2,50,000 న్యూటన్లు. బంపరు లోనికి అణగి, కారు 5 సెంటీమీటర్లలో ఆగినచో అది 50,000 న్యూటన్లు మాత్రమే. ఆగు దూరము ఐదురెట్లు పెరిగిన, బలము ఐదవ వంతునకు తగ్గును. అరుగు మీదినుండి దూకువాడు మోకాళ్లు వంచుటలోని రహస్యము ఇదియే. కావున మంచి బంపరు గట్టిగా నిలుచునది కాదు, తగినంత లొంగునది.

పాత స్పోర్ట్సు కార్ల బంపర్లు ఈ పనిని అంతగా చేయలేదు. అవి మెరుగుపెట్టిన సన్నని ఉక్కు పట్టీలు. రక్షణ కన్న అలంకారమే వాటిలో ఎక్కువ. నెమ్మదిగా తాకినను దీపములు పగులుట, రేకులు వంగుట, మరమ్మతుల ఖర్చు పెరుగుట సామాన్యమయ్యెను. దీనికి విరుగుడుగా అమెరికా ప్రభుత్వము 215వ ప్రమాణమును 1972 సెప్టెంబరు 1 నుండి తయారగు కార్లకు అమలుపరచినది. ముందుభాగము గంటకు 5 మైళ్లు, అనగా 8 కిలోమీటర్ల వేగముతోను, వెనుకభాగము అందులో సగము వేగముతోను అడ్డును ఢీకొన్నను దీపములు, ఇంధనపు ఏర్పాటు మొదలగునవి చెడకుండ పనిచేయవలెను. మరుసటి ఏడాది వెనుకభాగమునకు కూడ 5 మైళ్లు విధించిరి. భూమినుండి 16 మొదలు 20 అంగుళముల ఎత్తున లోలకముతో కొట్టు పరీక్షను కూడ చేర్చిరి. ఇట్లు అన్ని కార్ల బంపర్లు దాదాపు ఒకే ఎత్తుకు రావలసివచ్చెను.

ఒకే నిబంధనకు ఇద్దరు తయారీదారులు ఇచ్చిన సమాధానములు పరిశీలింపదగినవి. 1962లో వెలువడిన బ్రిటిషు కారు ఎం.జి.బి.కి 1974లో మెరుగు బంపర్లు తీసివేసి, ఉక్కు చట్రముపై నల్లని రబ్బరువంటి పదార్థము తొడిగిన లావు బంపర్లు పెట్టిరి. దీపముల ఎత్తు నిబంధనకు సరిపడుటకై ముందుభాగమును తిరిగి రూపొందించుటకు మారుగా కారునే పైకి లేపిరి. గరిమనాభి పైకి జరిగినది. మలుపులలో కారు పక్కకు ఒరుగుట ఎక్కువైనది. ఒరుగుడును అదుపులో ఉంచు కడ్డీని ఖర్చు తగ్గించుటకై తొలగించుటచే ఆ దోషము మరింత పెరిగినది. కొంతకాలమునకు ఆ కడ్డీని మరల పెట్టవలసివచ్చెను. పరీక్షలో నెగ్గిన కారు మలుపులో స్థిరత్వమును పోగొట్టుకొన్నది.

జర్మనీకి చెందిన పోర్షే 911 మార్గము వేరు. 1974 నమూనాలో దాని ఇంజనీర్లు అల్యూమినియపు బంపరును కారు రూపములోనే ఇమిడ్చి, శరీరమునకు బంపరునకు నడుమ మడతల రబ్బరు తొడుగు పెట్టిరి. అమెరికాకు పంపు కార్లలో బంపరు వెనుక ద్రవముతో పనిచేయు షాక్ అబ్జార్బర్లు ఉండెను. దెబ్బ తగిలిన బంపరు లోనికి జరుగును, రబ్బరు ముడుచుకొనును, తరువాత బంపరు యథాస్థానమునకు వచ్చును. ఆ రూపము 1989 వరకు నిలిచినది. నిబంధనలోని భౌతికశాస్త్రమును గ్రహించినవారికిని, దాని అక్షరమును మాత్రమే పాటించినవారికిని గల తేడా ఇదియే.

అయితే దోషమంతయు తయారీదారులది కాదు. ఆ ప్రమాణమునకు పెట్టిన పేరే ‘బాహ్య రక్షణ’. అది ముఖ్యముగా కాపాడినది కారు భాగములను, యజమాని జేబును. గంటకు 56 కిలోమీటర్ల వేగము 8కి ఏడురెట్లు. కాని గతిజశక్తి వేగపు వర్గముననుసరించి పెరుగును గనుక అది 49 రెట్లగును. అంతటి శక్తిని బంపరు ఒక్కటే భరింపలేదు. అప్పుడు ప్రాణము నిలుపునవి మడతలు పడుటకే రూపొందించిన కారు ముందుభాగము, సీటుబెల్టు, ఎయిర్‌బ్యాగు. 1982లో లాభనష్టములను బేరీజు వేసి అమెరికా ప్రభుత్వము పరీక్ష వేగమును మరల 2.5 మైళ్లకు తగ్గించినది. ఇక కారు ఎదుట నడుచు మనిషి ఆ ప్రమాణములో ఎక్కడను లేడు.

ఆ లోపమే ఇప్పుడు మన వీధులలో మరియొక రూపమున కనబడుచున్నది. రద్దీలో గీతలు పడకుండ, బంపరు పగులకుండ అని కొందరు కారు ముందు ఉక్కు కడ్డీలు బిగించుచున్నారు. వారి ఇబ్బంది నిజమే. బంపరు మార్చుట ఖర్చుతో కూడిన పని. కాని ఆ కడ్డీలను సాధారణముగా నేరుగ చట్రమునకు బిగింతురు. దెబ్బ వాటిద్వారా చట్రమునకు పోవును. మడతలు పడవలసిన భాగము తన పని సరిగా చేయలేదు. ఢీకొన్న తీరును కనిపెట్టి ఎయిర్‌బ్యాగును తెరువు పరికరము కూడ పొరబడవచ్చును. అన్నిటికన్న ముఖ్యము, నేటి కార్లలోని ప్లాస్టికు బంపరు, దాని వెనుకనున్న మెత్తని పొర పాదచారి కాలికి కొంత లొంగును. ఉక్కు కడ్డీ లొంగదు. పెద్దవారి తొడకు తగులు కడ్డీ పిల్లవాని ఛాతీకి, తలకు తగులును.

ఈ కారణముచేతనే ఐరోపా సమాజము 2005లో ఇట్టి కడ్డీలకు పాదచారుల రక్షణ పరీక్షలు విధించినది. మన కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు లేఖ వ్రాసి, ఇవి 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనుకు విరుద్ధములని తెలిపి, చర్య తీసికొనుమని కోరినది. నిషేధము మంచిదే. కాని జరిమానా భయమున తీసిన కడ్డీ తనిఖీ ముగిసిన మరునాడు తిరిగి రాగలదు. కారణము తెలిసి తీసినది రాదు.

ఆ కారణమును తెలుపుటకు పాఠశాలకు మించిన చోటు లేదు. గతిజశక్తి పాఠము చెప్పునాడు ఉపాధ్యాయులు నిలిపియున్న ఒక కారు కడ్డీ ఎత్తును విద్యార్థులచేత కొలిపించి, ఆరవ తరగతి పిల్లవాని ఛాతీ ఎత్తుతో పోల్చి చూపవచ్చును. ఆ రెండు అంకెలను నల్లబల్లపై పక్కపక్కన వ్రాసిన పిమ్మట, బంపరు ఎవరిని కాపాడవలెనో పిల్లలే చెప్పగలరు.