నగర రూపకల్పనలో ‘అంచు’ భావన: భద్రాచలం నేపథ్యంలో కెవిన్ లించ్ సిద్ధాంత పరిశీలన

1. ఉపోద్ఘాతం

వాస్తుశిల్ప విద్యార్థులకు నగర రూపకల్పనను పరిచయం చేసే పాఠాల్లో కెవిన్ లించ్ 1960లో వెలువరించిన ‘ది ఇమేజ్ ఆఫ్ ది సిటీ’ది ప్రధాన స్థానం. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాలను పరిశీలించి, మనిషి మనసులో నగరం బాటలు, అంచులు, ప్రాంతాలు, కూడళ్లు, ఆనవాళ్లు అనే ఐదు అంశాలుగా రూపుకడుతుందని ఆయన ప్రతిపాదించాడు. నగరాన్ని ప్రణాళికాకర్త వైపు నుంచి కాక, అందులో నడిచే మనిషి వైపు నుంచి చూడటమే ఈ సిద్ధాంతపు బలం.

2. భద్రాచలంలో అన్వయం

ఈ ఐదింటినీ భద్రాచలానికి అన్వయించడం తొలిచూపులో సులువే. గుట్టమీది రామాలయం ఆనవాలు, గోదావరి వంతెన బాట, స్నానఘట్టం, శ్రీరామనవమినాడు కల్యాణం జరిగే మిథిలా స్టేడియం కూడళ్లు, గోదావరి అంచు. చిక్కంతా ఈ చివరిదానితోనే.

లించ్ ఉదాహరించిన అంచులు తీరం, గోడ, రైలుమార్గం వంటివి. అవి పటంపై గీయదగిన రేఖలు. భద్రాచలంలో ఆ రేఖ కుదురుగా ఉండదు. నీటిమట్టం 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. వరదను ఆపే కరకట్టకూ పరిమితి ఉన్నది: నది పొంగినప్పుడు తూములు మూస్తే, ఊళ్లో కురిసిన వాననీటిని మోటార్లతో బయటికి తోడవలసి వస్తుంది. కనుక ఇక్కడి నివాసి మనసులోని అంచు కంటికి కనిపించే ఒడ్డు మాత్రమే కాదు; గుర్తున్న నీటిమట్టం కూడా.

3. సిద్ధాంత పరిమితి

లించ్ పరిశీలన దృశ్యరూపానికి ప్రాధాన్యమిచ్చింది. కాలాన్ని ఆయన విస్మరించలేదు. 1972 నాటి ‘వాట్ టైమ్ ఈజ్ దిస్ ప్లేస్?’ కాలానికీ స్థలానికీ గల సంబంధాన్నే చర్చించింది. అయితే తరగతిగదిలో మొదటి గ్రంథంలోని ఐదు అంశాలను మాత్రమే పట్టికగా అప్పగిస్తే, రెండవ గ్రంథం అందించే సవరణ విద్యార్థికి అందదు. అప్పుడు వేసవిలో గీసిన పటం తప్పుపట్టలేనిదిగా కనిపిస్తుంది. దానిని నమ్మి వేసిన కాలనీ వర్షాకాలంలో మునుగుతుంది.

4. ముగింపు

పెనుబల్లి మండలంలోని లంకాసాగర్ వంటి జలాశయాల అంచు కూడా ఋతువునుబట్టి జరిగేదే. కావున లించ్ సిద్ధాంతాన్ని తోసిపుచ్చనవసరం లేదు. ఒకే ఊరికి వేసవి పటం, వరద పటం, ఉత్సవ పటం వేర్వేరుగా గీయించి, వాటిని పోల్చి చూపడమే తెలుగు నేలపై ఆ సిద్ధాంతానికి తగిన బోధనాపద్ధతి.