లోపలికి ఎంత, బయటికి ఎంత

ఒంట్లోకి పోయిందెంత, ఒంట్లోంచి వచ్చిందెంత? మొదటి దాన్నుంచి రెండోది తీసేస్తే మిగిలేది ఒంట్లో నిలిచిపోయింది. వినడానికి చిన్నపిల్లల తీసివేత లెక్క. ఈ లెక్కనే హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన లక్ష్మయ్య, శ్రీకంఠయ్య మనుషుల మీద ఫ్లోరైడుకు కట్టి 1977లో ప్రచురించారు. జొన్న తిన్నప్పుడు ఎంత నిలుస్తుంది, వరి అన్నం తిన్నప్పుడు ఎంత నిలుస్తుంది అన్నది వాళ్ల ప్రశ్న. జొన్న తిన్నప్పుడే ఎక్కువ నిలిచిందని తేలింది.

ఇలాంటి పరీక్షను బ్యాలెన్స్ స్టడీ అంటారు. ఇందులో ఎంత పని ఉందో ఒక్కసారి ఊహించండి. పరీక్షకు ఒప్పుకున్న మనిషి తినే ప్రతి ముద్దనూ తూచాలి. వండినదాంట్లో కొంత పక్కకు తీసి దానిలో ఫ్లోరైడు ఎంతో చూడాలి. తాగే నీళ్లను కొలవాలి, ఎందుకంటే అసలు ఫ్లోరైడు వచ్చేదే నీళ్లలోంచి. కొత్త తిండికి ఒళ్లు అలవాటు పడేదాకా కొన్ని రోజులు ఊరికే గడవనిచ్చి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాలి. ఇరవైనాలుగు గంటల మూత్రం, మలం ఏమీ పోకుండా పట్టాలి. ఒక్క సీసా ఒలికిందా, ఆ రోజు లెక్క మొత్తం పోయినట్టే. ఈ పనిలో చమత్కారం లేదు, మెరుపు లేదు. ఉన్నదల్లా ఓపిక. కంసాలి బంగారాన్ని తూచేటప్పుడు గాలి తగలకుండా కిటికీ మూస్తాడు చూడండి, అలాంటి ఓపిక. అందుకే ఈ పని నాకు అంత ఇష్టం.

నాది వేప్పనపల్లి. ఇటు కుప్పం, అటు కర్ణాటక, చుట్టూ మామిడి తోపులు. ఫ్లోరైడు మాటెత్తితే మా కృష్ణగిరి, పక్కనున్న ధర్మపురి జిల్లాల పేర్లు తప్పకుండా వస్తాయి. జపాన్ వాళ్ల జైకా సంస్థ ఇచ్చిన అప్పుతో హొగెనకల్ నుంచి కావేరి నీళ్లు ఈ రెండు జిల్లాలకూ తెచ్చే పథకం 2013లో మొదలైంది. దాని పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అన్న మాట ఉంది. ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే జబ్బే ఫ్లోరోసిస్. బోరు నీళ్లే దిక్కైన రోజుల్లో పెరిగిన మా తరంలో, నవ్వేటప్పుడు పళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు బడిలో ఉండేవాళ్లు. వాళ్ల పళ్ల మీది గార ఫ్లోరైడు పని అని తెలియక, సరిగా తోమకపోవడం వల్ల వచ్చిందనుకునేవాళ్లం. వాళ్లను ఆ మాట అని బాధపెట్టాం కూడా.

మన దేశంలో ఈ జబ్బుకు పేరు పెట్టింది తెలుగు నేల మీదే. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా పల్లెలకు వెళ్లారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. వెన్ను బిగిసి, నడుము వంగక, మెడ తిరగక ఉన్న మనుషులను చూసి, వాళ్లు తాగే నీళ్లను పరీక్షించి, ఇది నీళ్లలోని ఫ్లోరైడు పని అని 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. ఆ ముగ్గురిలో పండిట్ అన్న పేరు గుర్తుంచుకోండి. వైద్య పరిశోధనలకు డబ్బిచ్చేందుకు 1911లో పెట్టిన ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్, 1949లో ఐసీఎంఆర్‌గా పేరు మార్చుకుంది. దానికి మొదటి డైరెక్టరు ఈ సి.జి. పండిట్. పల్లెల్లో జబ్బు వెతికిన మనిషే తర్వాత ఇతరుల వెతుకులాటకు డబ్బు మంజూరు చేసే కుర్చీలో కూర్చున్నాడు. గ్రాంటు ఇచ్చేవాడికి ఆ అనుభవం ఉండటం ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కర్లేదు.

మళ్లీ జొన్న దగ్గరికి వద్దాం. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో నల్లగొండ వైపు కనిపించిన ఒక కొత్త రూపాన్ని రాశారు. మోకాళ్లు రెండూ ఒరుసుకుంటూ, పాదాలు దూరమైపోయిన కుర్రవాళ్లు. మామూలుగా ఫ్లోరైడు ఎముకను గట్టిపరుస్తుంది. వీళ్లకు వెన్నెముక గట్టిపడింది, కాళ్ల ఎముకలు మాత్రం గుల్లబారాయి. ఒకే మనిషి ఒంట్లో ఒకదానికొకటి ఎదురు నడిచే రెండు మార్పులు! చూసినవాళ్లు దీన్ని వింతగా రాసి వదిలేయలేదు. నీళ్లలో ఫ్లోరైడు ఇంతకుముందూ ఉంది కదా, ఇప్పుడు కొత్తగా కలిసిందేమిటని అడిగారు. 1974లో దేవస్థలే, గోపాలన్ ఇంకో వైపు నుంచి వచ్చారు. జొన్నలో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువైతే మూత్రంలో రాగి లోహం ఎక్కువగా పోతుందని చూపించారు. ఎముక గట్టిగా ఉండాలంటే ఒంట్లో రాగి ఉండాలి. నాగార్జునసాగర్ చుట్టుపక్కల భూగర్భ జలాలు పైకొచ్చి, మట్టి క్షారం పెరిగి, పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుంటోందన్న వాదన అలా పుట్టింది. 1977 తీసివేత లెక్క ఈ వరసలో తర్వాతి మెట్టు.

ఇందులో పనితనం ఎక్కడుందో చూడండి. లక్ష్మయ్య, శ్రీకంఠయ్య నల్లగొండలో ఫ్లోరోసిస్ ఎందుకు అని అడగలేదు. అంత పెద్ద ప్రశ్నకు ఎన్ని కోట్లు పోసినా చాలవు. నీళ్లు ఒకటే అయినప్పుడు తిండి మారితే నిలిచే ఫ్లోరైడు మారుతుందా అని అడిగారు. చెక్కను కొలతకు కోసినట్టు ప్రశ్నను కోశారు. జవాబు అవును అనో కాదు అనో వచ్చి తీరుతుంది, ఏది వచ్చినా పనికొస్తుంది. గ్రాంటు అడిగే విద్యలో సగం ఇదే. పోషకాహార సంస్థ పుట్టుకే ఇలాంటిది. 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో, బెరిబెరి ఎంక్వైరీ అన్న పేరుతో మెకారిసన్ చేతుల్లో మొదలైంది. ఒక జబ్బు, ఒక గది. ఏడేళ్లకు అది లోప వ్యాధులన్నింటి ఎంక్వైరీ అయ్యింది, 1928కి ప్రయోగశాలలయ్యింది, 1958లో హైదరాబాదుకు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది.

ఇక ఇప్పటి సంగతి. కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైంది. ఎంబీబీఎస్ చదివే పిల్లలు గ్రాంటంటే పెద్ద ప్రొఫెసర్ల వ్యవహారమని అనుకుంటారు. ఐసీఎంఆర్ వాళ్లు 1979 నుంచి ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసమే ఒక చిన్న స్టూడెంట్‌షిప్ నడుపుతున్నారు. ఎస్టీఎస్ అంటారు. రెండు నెలల పని, కాలేజీలోని ఒక గైడు, కొంత స్టైపెండు. నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ప్రపోజల్‌లో విద్యార్థి పేరు గానీ గైడు పేరు గానీ కాలేజీ పేరు గానీ కనబడకూడదు. చదివేవాళ్లకు కనిపించేది ప్రశ్న ఒక్కటే. పేరున్న కాలేజీ పిల్లవాడూ, మా కృష్ణగిరి కాలేజీ పిల్లా అక్కడ ఒకే బల్ల మీద కూర్చుంటారు. మరో మంచి సంగతి, అన్ని భాగాల్లోకీ ఎలా చేస్తారన్న దానికే ఎక్కువ చోటిస్తారు. ఉపోద్ఘాతానికి కొంచెమే. జబ్బు ఎంత భయంకరమో నాలుగు పేజీలు రాసి, పని గురించి నాలుగు మాటలు రాసేవాళ్లకు ఆ పద్ధతే పాఠం.

మా ఊరి ప్రశ్న ఒకటి తీసుకుని కోసి చూస్తాను. మాది రాగి సంగటి తినే సీమ. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల చుట్టుపక్కల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది దగ్గరే ఆగుతుంది. కాల్షియం పేగులో ఫ్లోరైడును పట్టుకుని రక్తంలోకి పోకుండా ఆపుతుంది. అలాగైతే ఒకే బోరు నీళ్లు తాగినా సంగటి తినేవాళ్లకు ఫ్లోరైడు దెబ్బ తక్కువ తగులుతుందా? నల్లగొండ జొన్న ప్రశ్నకు ఇది మా ఇంటి జోడు ప్రశ్న.

దీన్ని చూడగానే చాలామంది చేసే ఆలోచన, మూత్రం పరీక్షిస్తే సరిపోతుందని. సరిపోదు. కాల్షియం పట్టుకున్న ఫ్లోరైడు మలంతో పోతుంది. కాబట్టి పేగులో ఆగినందువల్ల మూత్రంలో తగ్గవచ్చు, ఎముకలో నిలిచిపోయినందువల్ల కూడా మూత్రంలో తగ్గవచ్చు. ఒకటి మంచి, ఇంకొకటి చెడు, సీసాలో అంకె మాత్రం ఒకటే. లక్ష్మయ్య, శ్రీకంఠయ్య రెండు దార్లూ ఎందుకు కొలవాల్సి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. రెండు నెలల్లో ఒక విద్యార్థి బ్యాలెన్స్ స్టడీ చేయలేడు. చేస్తానని రాస్తే చదివేవాళ్లు నమ్మరు.

కాబట్టి ఇంకా కోయాలి. ఒకే నీళ్లు తాగిన బడిపిల్లల పళ్లను చూసి, గారను డీన్ అనే అమెరికా దంతవైద్యుడు పెట్టిన మెట్ల ప్రకారం గుర్తించవచ్చు. ఇంట్లో సంగటి రోజూ ఉండేదా, వారానికి రెండుసార్లేనా అని తల్లిని అడగవచ్చు. ఇక్కడ ఒక లోపం ఉంది. పంటి పింగాణీ చిన్నతనంలోనే తయారవుతుంది, కాబట్టి ఇవాళ పిల్ల తినేది కాదు, అప్పుడు తిన్నదే లెక్కకు రావాలి. తల్లి జ్ఞాపకం కచ్చితమైన కొలత కాదు. ఈ లోపాన్ని దాచకుండా ప్రపోజల్‌లోనే రాయాలి. రాసినవాడు తన పని హద్దు తెలిసినవాడని చదివేవాడికి నమ్మకం కలుగుతుంది. పిల్లల నోరు తెరిచి చూసే ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. దాన్ని కాగితం పనిగా చూడొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. మా బడిలో చెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్లలను తలుచుకుంటే చాలు, ఎవరి నోరు చూడటానికైనా అనుమతి ఎందుకు అడగాలో అర్థమవుతుంది.

ఇంకా పై మెట్లు ఉన్నాయి. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ, లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులో ఉంది. అయిదేళ్ల ఫెలోషిప్పులు ఇస్తారు. వైద్యులకు, ప్రజారోగ్యం చూసేవాళ్లకు వేరే దారి ఉంది. పిల్లల కోసమో ఇంటి కోసమో కొన్నేళ్లు పని ఆపినవాళ్లను తలుపు దగ్గరే తిప్పి పంపరు. మన ఇళ్లలోని చదువుకున్న ఆడపిల్లలకు ఈ సంగతి తెలియాలి. ఐసీఎంఆర్ పెద్ద గ్రాంట్లున్నాయి, 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఉంది. ఎక్కడ అడిగినా ముందు ఆ సంస్థ ఏ పనులకు డబ్బిస్తుందో, ఇంతకుముందు ఎవరికి ఇచ్చిందో చదవండి. మీ ప్రశ్నను వాళ్ల పిలుపుకు సరిపోయేలా సాగదీయకండి. సరిపోయే పిలుపు వచ్చేదాకా ఆగండి.

అవార్డుల గురించి ఎక్కువ చెప్పను. 1958 నుంచి ఇచ్చిన భట్నాగర్ బహుమతి ఇప్పుడు రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాల్లో కలిసి, 45 ఏళ్ల లోపువాళ్లకు విజ్ఞాన్ యువ పేరుతో వస్తోంది. అవార్డు పని అయ్యాక వస్తుంది, గ్రాంటు పని జరగడానికి వస్తుంది. నా లెక్కలో రెండోదే పెద్దది.

కృష్ణగిరి, హోసూరు, కుప్పం వైపు వైద్యం చదివే పిల్లలారా, ఎస్టీఎస్ ప్రకటన ఎప్పుడు వస్తుందో ఇవాళే మీ గైడును అడగండి. సంగటి ప్రశ్న మీదే, తీసుకోండి. ఇంతకంటే సన్నగా కోయగలిగితే ఇంకా సంతోషం. మా ఊళ్లో మీకు కావలసిన నీళ్లున్నాయి, సంగటి వండే తల్లులున్నారు, అడిగితే ఓపికగా జవాబు చెప్పేవాళ్లు ఇంటింటా ఉన్నారు.