పిరమైన ఫ్రీ

నా సాయంత్రం బ్యాచ్‌లో కిరాణా కొట్టు నడిపే ఒకావిడ ఉంది. ఆమెకు ఇంగ్లీషు కావలసింది ప్యాకెట్ల మీది రాతల కోసమే. మొన్న సంచిలోంచి ఓ బిస్కెట్ ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టింది. "షుగర్ ఫ్రీ అని రాసిండ్రు సార్. చక్కెర ఫ్రీగ ఇస్తే, ఇవి మామూలు వాటికంటె ఇంత పిరం ఎందుకు?"

క్లాసంతా ఘొల్లుమంది. నాకు మాత్రం ఆమె తప్పేమీ కనబడలేదు. ఫ్రీ ఎప్పుడో తెలుగైపోయింది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక మరీను. తెలిసిన అర్థంతోనే ప్యాకెట్టును చదివింది పాపం.

ఫ్రీ టికెట్ అంటే పైసలు అక్కర్లేదు. అదే ఫ్రీ పేరుకు వెనక తగులుకుని షుగర్ ఫ్రీ, డస్ట్ ఫ్రీ అయితే ఆ సరుకే లేదని. మనిషి ఫ్రీ అంటే తీరిక, సీటు ఫ్రీ అంటే ఖాళీ. "ఫ్రీ బస్సులో సీటు ఫ్రీగా ఉండదు" అని ఒక కుర్రాడు వాక్యం కట్టాడు. పదికి పది వేశాను. 'ట్రావెల్ ఫ్రీ' అంటే టికెట్టు కొనకుండా, 'ట్రావెల్ ఫ్రీలీ' అంటే అడ్డూ ఆపూ లేకుండా. ఇక 'మోషన్ ఫ్రీగా అవుతోందా' అన్నది మన డాక్టర్ల సొంత వాడుక, దాని జోలికి పోలేదు.

ఇంటికొచ్చినా ఆమె మాట వదల్లేదు. ఒక్క ప్రశ్నలో ఫ్రీ, పిరం రెండూ పక్కపక్కన పడ్డాయి. పిరం అంటే ప్రియమే. సంస్కృతపు ప్రియకూ ఇంగ్లీషు ఫ్రీకీ పుట్టిల్లు ఒకటే! ఇటు 'ప' ఉన్నచోట అటు 'ఫ' వస్తుంది: పాదం ఫుట్, పితృ ఫాదర్. 1822లో యాకబ్ గ్రిమ్ సూత్రం కట్టి చూపించిన మార్పుల్లో ఇదీ ఒకటి. అక్కడ ప్రియమైనవాళ్లంటే సొంతవాళ్లు, అంటే బానిసలు కానివాళ్లు. అలా స్వేచ్ఛ అయి, చివరికి ఉచితం దాకా వెళ్లింది. ఫ్రెండ్ కూడా ఆ ఇంటి బిడ్డే. మన దగ్గరేమో ఇష్టమైనది కాస్తా ఖరీదై కూర్చుంది.

మర్నాడు ఇదంతా ఊగిపోతూ చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"మంచిదే సార్. మరి గిరాకీ అడిగితే ఏమని చెప్పాలె?"

"చక్కెర లేదని చెప్పమ్మా."

"లేనిదానికి ఎక్కువ పైసలా సార్?"