ఏ విమానం కొనను మావయ్యా?

మా మేనల్లుడికి హైదరాబాద్‌లో ఉద్యోగం ఉంది, జీతం ఉంది, పెళ్లి మాత్రం ఇంకా కాలేదు. దాని ఫలితంగా ఈ వారం నా ఫోన్‌లో రెండు విమానాల ఫొటోలు వాలాయి. రెండూ రిమోట్‌తో విన్యాసాలు చేయించే పెద్ద నమూనాలే. "ఏది కొనను మావయ్యా? వేసవిలో తెచ్చి మన దుమ్ముగూడెంలోనే ఎగరేస్తా" అన్నాడు. ఊరికి ఏదో ఒకటి తెస్తాననే పిల్లలే కరువైన రోజులు కదా, సంతోషమేసింది.

మొదటిది ఎఫ్‌త్రీఏ పోటీల రకం. రెక్కల వెడల్పు రెండు మీటర్లు, ముక్కు నుంచి తోక దాకా రెండు మీటర్లు. అంతకు మించితే పోటీకి రానివ్వరు. బ్యాటరీ మోటారు, పెద్దగా చప్పుడుండదు. లూప్ వేస్తే గుండ్రంగా రావాలి, రోల్ కొడితే ఎత్తు మారకూడదు. రెండోది ఎక్స్‌ట్రా 330 ఎస్‌సీ అనే జర్మన్ విమానానికి 35 శాతం నకలు. అసలుదాని రెక్కలు ఏడున్నర మీటర్లు, దీనివి 2.6. పెట్రోలు ఇంజిను 100 సీసీ. మన రోడ్ల మీది స్ప్లెండర్‌దే 97! బరువును మించి లాగే బలం ఉంది కాబట్టి, ముక్కు నిటారుగా ఎత్తి గాల్లోనే వేలాడుతుంది.

నా పక్షపాతం ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో రెండు ఉక్కు తీగల చివర బాల్సా చెక్క విమానాన్ని కట్టి, నడుమ నిలబడి చుట్టూ తిప్పినవాణ్ణి. తీగ ఎంత పొడవో ఆకాశమూ అంతే. ఆముదం కలిపిన ఇంధనం చొక్కాకు అంటుకుంటే వారం దాకా వాసన పోయేది కాదు. ఆ కాస్త జాగాలోనే ఎత్తు తప్పకుండా నడపడం గొప్ప. వేలాడటం ఏం గొప్ప, గబ్బిలమూ వేలాడుతుంది. మొదటిదే కొనమని రాయబోయాను.

అంతలో ఆనకట్ట గుర్తొచ్చింది. (మళ్లీ ఆనకట్టేనా అని పేజీ తిప్పేవాళ్లకు నమస్కారం.) మా ఆనకట్టను కట్టింది పొలాలకు నీళ్లివ్వడానికి కాదు, పడవల కోసం. నాగ్‌పూర్ వైపు పత్తిని గోదారి మీదుగా సముద్రానికి చేర్చాలని ఆర్థర్ కాటన్ ఊహ. 1860ల్లో హేగ్ దొర పని నడిపించాడు. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు, అందులో ఒకటి మా దగ్గర. వాటిని దాటించడానికి ఆనకట్ట, కాలువ, లాకులు. ఇంతలో 1867లో రైలు నాగ్‌పూర్ చేరింది. 1871లో పనులు ఆపేశారు. రాతిపనికి వంక పెట్టలేం, ఈనాటికీ నిలిచే ఉంది. వేసవిలో గోదారి ఎంత సన్నబడుతుందో మాత్రం ఇక్కడి ఏ పడవవాడైనా ముందే చెప్పేవాడు.

అందుకని విమానాన్ని పక్కనపెట్టి ముందు చోటు చూశాను. ఎఫ్‌త్రీఏ విన్యాసాలు మనిషికి 150 మీటర్ల దూరంలో, కుడి ఎడమలకు అరవై డిగ్రీల చొప్పున సాగుతాయి. అంటే దాదాపు 520 మీటర్ల వెడల్పు కావాలి. ఊరివైపు తాడిచెట్లు, వాటి వెనక అడవి. నది మీద ఆకాశానికి కొదవ లేదుగానీ, 150 మీటర్ల అవతల మోటారు ఆగిందా, విమానం గోదారిపాలే. ఇక దిగడానికి ఉన్నది ఇసుకతిన్నె. ఆ నాజూకు చక్రాలు ఇసుకలో కూరుకుపోయి ప్రొపెల్లర్ విరుగుతుంది. పెద్దది ముక్కెత్తుకుని నెమ్మదిగా దిగి కొద్ది దూరంలోనే ఆగుతుంది, తిన్నె దాటి పోకుండానే ఆడుతుంది. చూడవచ్చిన జనాన్ని మాత్రం బాగా వెనక్కి నిలబెట్టాలి.

గబ్బిలానికే ఓటేశాను. "ఎక్స్‌ట్రా కొనుక్కో అల్లుడూ, చక్రాలు మాత్రం పెద్దవి వేయించు" అని రాశాను. ఇంకో మాట కూడా చేర్చాను. 2021 డ్రోన్ నిబంధనలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడదీశాయి, సరదా విమానాలకూ మినహాయింపు లేదు. పక్కనే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. మ్యాప్‌లో మన రంగు ఏదైనా సరే, ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చెప్పి రా. పర్ణశాల దగ్గర రావణుడి రథం ఆగిన గుట్ట ఇదేనని చూపిస్తారు కదా, ఆయన ఎవరినీ అడక్కుండానే దిగాడు.

వాడు రంగుల గురించి అడగలేదు, చక్రాల గురించీ అడగలేదు. అంత పొడుగు మొండెం ఏ బస్సులో పడుతుందన్నాడు. ఏ బస్సులోనూ పట్టదు. బొలెరో మాట్లాడుకోమన్నాను. కిరాయి వాడిదే.