తాళము తప్పని కలహము

కలహమును వినోదముగా మలచుటకు నాటకకర్తలు ఎన్నో ఉపాయములు పన్నిరి గాని, కలహించువారి చేతనే పాట పాడించి, ఆ పాటలో కోపమును ప్రణయమును ఏకశ్రుతిగా వినిపింపజేసిన కౌశలమును, 1953లో ఎం.జి.ఎం. వారు జార్జి సిడ్నీ దర్శకత్వమున నిర్మించిన ‘కిస్ మీ కేట్’ చిత్రమునందు చూచినంత నిండుగా నేను మఱెచ్చటను చూడలేదు.

షేక్స్పియరు రచించిన ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ను సంగీతనాటకముగా ప్రదర్శింపబూనిన ఫ్రెడ్, లిల్లీ అను నటీనటులు విడిపోయిన దంపతులు, పెట్రూకియో, కేథరిన్ వేషములలో పోరాడవలసిన ఆ ఇరువురు నేపథ్యమునందు తమ సొంత పోరును సాగించుచుందురు. 1948లో బ్రాడ్వేలో ప్రదర్శింపబడిన మూలరూపమునకును, ఈ చిత్రమునకును పాటలు కూర్చినవాడు కోల్ పోర్టర్. 1937లో గుఱ్ఱపుప్రమాదమున కాళ్లు నుజ్జయి, అటుపిమ్మట బాధతోనే కాలము గడపిన మనుష్యుడు ఇంతటి ఉల్లాసమును వెలయించెనన్న తలంపు రాగానే, ఆయనయందు నా గౌరవము ఇనుమడించును.

వేషగృహమున వాదులాడుచు వాదులాడుచు ఆ ఇరువురికి ఒక పాత సంగీతనాటకము జ్ఞప్తికి వచ్చును. అందలి వాల్ట్జ్ పాటను మొదట ఎగతాళిగానే ఎత్తుకొందురు; కాని ఫ్రెడ్ పాత్రధారి హోవార్డ్ కీల్ గంభీరకంఠమును, లిల్లీ పాత్రధారిణి కేథరిన్ గ్రేసన్ తారస్వరమును కలసినకొలది ఎగతాళి సడలి, పాట ముగియునాటికి వారు నిజముగనే పాడుచున్నారని మనకు తెలియును. ఏ క్షణమున ఆ మార్పు జరిగినదో వేలు పెట్టి చూపలేము. నటనయందలి పరిణతి యనగా నాకు స్ఫురించునది ఇదియే.

ఆ ప్రసన్నత నిలువదు. ఫ్రెడ్ మఱియొక నటికై పంపిన పుష్పగుచ్ఛము పొరపాటున లిల్లీకి చేరగా, ఆమె దానితోడి చీటిని రంగముమీదనే చదువుకొని, వేషము మఱచి అతనిని నిజముగా కొట్టును. నాటకశాలలోని ప్రేక్షకులు అది కేథరిన్ పెట్రూకియోను కొట్టిన దెబ్బ యని నవ్వుదురు. లిల్లీ ఫ్రెడ్‌ను కొట్టినదని మనమెఱుగుదుము. ఒక్క దెబ్బకు రెండర్థములు! అయినను, ప్రతిగా ఫ్రెడ్ అందఱియెదుట ఆమెను మోకాళ్లపై పడవేసి కొట్టు ఘట్టమును నేను అంగీకరింపజాలను; రోషమునకు తగిన చమత్కారమును పాటలలో అంతగా చూపినవారు ఇచ్చట కండబలమును ఆశ్రయింపవలసిన పని లేదు.

త్రిపరిమాణపద్ధతిలో చిత్రీకరించుటచే పలుమార్లు వస్తువులను మనవైపు విసరుదురు; అది ఆనాటి వేడుక. అంతకన్న విలువైనది, కారొల్ హానీతో బాబ్ ఫాసీ తానే కూర్చి ఆడిన స్వల్పనృత్యము: జారుచు, ఒక్కసారిగా ఆగుచు, వ్రేళ్లతో తాళము వేయుచు సాగు ఆ అంగవిన్యాసమున, పిమ్మట బ్రాడ్వేను ఏలనున్న నృత్యకర్త అప్పుడే ప్రత్యక్షమగును.

నాటకము విడిచిపోయిన లిల్లీ, కేథరిన్ రావలసిన ఘట్టమున మరల రంగముపై నిలిచినపుడు కీల్ కనులు చూడవలెను. అచ్చట పెట్రూకియో ఆశ్చర్యపడుట లేదు, ఫ్రెడ్ ఆశ్చర్యపడుచున్నాడు; ఆ తత్తరపాటును అడచుకొని అతడు తన వంతు సంభాషణమును అందుకొనును.