వేడినీరు పోయే దారి

రక్షక కవాటం తెరుచుకున్నదంటే ప్రమాదం తప్పినట్లేనని విద్యార్థులు భావించడం సహజం. కాని అందులోనుంచి వెలువడిన నీరు ఎక్కడికి పోతుంది? ఇంగ్లండులో భవన నిర్మాణ నిబంధనలకు వివరణగా ప్రభుత్వం ప్రచురించే ‘అప్రూవ్డ్ డాక్యుమెంట్ జి’ అనే గ్రంథం ఈ ప్రశ్నకు కొన్ని పుటలు కేటాయించింది. అందులోని వేడినీటి భాగం విజ్ఞానశాస్త్రం బోధించేవారు చదవదగినది, విమర్శించదగినది కూడా.

అక్కడి ఇళ్లలో పూర్వం వేడినీటి సిలిండరుకు అటకమీది తొట్టి నుంచి నీరు దిగేది. వ్యాకోచించిన నీరు తెరచిన గొట్టం గుండా పైకి పోయేది. అటువంటి గొట్టం లేని మూసిన సిలిండర్లకు 1985 నాటి నిబంధనలు చోటిచ్చాయి. వీటిలో నీరు ఒత్తిడికి లోనై ఉంటుంది. వాతావరణ పీడనానికి నాలుగు రెట్ల పీడనంలో నీరు సుమారు 144 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని మరగదు. అంత వేడెక్కిన సిలిండరు పగిలిందనుకోండి. ప్రతి గ్రాము నీరు 100 డిగ్రీలకు చల్లారుతూ సుమారు 44 కెలొరీలు విడుస్తుంది. ఒక గ్రాము ఆవిరి కావడానికి 540 కెలొరీలు కావాలి. అనగా నూటికి 8 వంతుల నీరు క్షణంలో ఆవిరి అవుతుంది. 150 కిలోగ్రాముల నీటిలో ఇది 12 కిలోగ్రాములు; దాని ఘనపరిమాణం సుమారు 20 ఘనపు మీటర్లు. ఒక చిన్న గదికి సరిపడే ఆవిరి ఇది!

అందుకే నీరు 100 డిగ్రీలు దాటరాదన్నది మొదటి నియమం. దీనికి మూడు కాపలాలు ఉంటాయి: థర్మోస్టాట్, తనంతట తాను తిరిగి పనిచేయని విద్యుత్ నిరోధకం, 90–95 డిగ్రీల మధ్య తెరుచుకునే రక్షక కవాటం. రెండవ నియమం ఇంకా లోతైనది. వెలువడిన నీరు కంటికి కనబడాలి, కాని ఎవరికీ అపాయం కలిగించరాదు.

ఈ రెండు షరతులూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. గ్రంథం చూపిన పరిష్కారం మెచ్చదగినది. కవాటం దిగువన, దగ్గరలోనే, గరాటు వంటి టండిష్‌ను అమర్చుతారు. అక్కడ గొట్టం తెగి గాలి సందు ఏర్పడుతుంది. పారే నీరు కనిపిస్తుంది. దాని కింద కనీసం 300 మిల్లీమీటర్ల వరకు గొట్టం నిట్టనిలువుగా దిగాలి. ఆ తరువాత 200కు 1 చొప్పున వాలు ఉండాలి. పెద్ద గొట్టం వాడితే ఎక్కువ దూరం తీసుకుపోవచ్చు. 22 మిల్లీమీటర్ల గొట్టానికి హద్దు 9 మీటర్లు. ఒక్కొక్క వంపుకు 0.8 మీటరు తగ్గించాలి. నాలుగు వంపులుంటే మిగిలేది 5.8 మీటర్లే. గొట్టం 7 మీటర్లు ఉంటే 28 మిల్లీమీటర్ల గొట్టం వేయవలసిందే.

ఇంతవరకు బాగున్నది. లోపం ఎక్కడంటే, ఈ సంఖ్యలకు కారణాలు చాలావరకు చెప్పకపోవడంలో. వంపు కొంత అదనపు పొడవుతో ఎందుకు సమానమో, అక్కడ ప్రవాహం శక్తిని కోల్పోతుందని వివరించే ఒక్క వాక్యం ఉంటే, గొట్టం బిగించేవాడు లెక్కను కంఠస్థం చేయడు, అర్థం చేసుకుంటాడు. రెండవ లోపం ఇంకా ముఖ్యమైనది. ప్రవాహం కనబడితే చాలునని గ్రంథం అనుకుంటుంది. చూపు మందగించినవారూ, కదలలేనివారూ ఉండే ఇళ్ల వంటి చోట్ల మాత్రమే హెచ్చరిక పరికరాన్ని ఆలోచించమంటుంది. ఇల్లంతా నిద్రపోతున్న వేళ అందరూ అటువంటివారే కదా!

ఈ సంగతి ఎంత తీవ్రమైనదో 2006లో టాంటన్ పట్టణంలో జరిగిన ఘోరం తెలుపుతుంది. అక్కడిది పాత పద్ధతి సిలిండరు. థర్మోస్టాట్ చెడింది. మరిగిన నీరు తెరచిన గొట్టం గుండా అటకమీది ప్లాస్టిక్ తొట్టిలో పడింది. తొట్టి మెత్తబడి కూలింది. కింద నిద్రిస్తున్న పసిబిడ్డ మరణించింది. నీటికి దారి లేకపోలేదు; ఆ దారి చేరిన చోటే తప్పు. వేడినీటిని అందుకునే తొట్టి కూడా ఆ వేడిని తట్టుకోవాలని 2010లో అమలులోకి వచ్చిన నిబంధనలు శాసించాయి.

మన ఇళ్లలోని నిల్వ గీజర్లకు కూడా రక్షక కవాటం ఉంటుంది. 25 లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 350 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అది వీధి గొట్టంలోకి వెనుకకు పోలేనప్పుడు కవాటం నుంచి చుక్కలుగా కారుతుంది. విసుగుపడి ఆ రంధ్రాన్ని మూసివేయడం కాపలాదారు నోరు కట్టివేయడమే. వ్యాకోచం, గుప్తోష్ణం, పీడనంతో మారే మరుగు స్థానం – ఈ మూడు పాఠాలనూ ఉపాధ్యాయులు ఆ ఒక్క రంధ్రం చూపి చెప్పవచ్చు. నిబంధన గ్రంథం చెప్పక వదిలిన కారణాలను పూరించవలసిన చోటు తరగతి గదే.